పెట్టె మాస్టారి జవాబులు: ఆటస్థలంలో ఆర్గాన్

పోయిన నెల ఈ పేజీలో ఒకరు “సంగీతం నేర్చుకున్నవాళ్ళకి సినిమాలు, కచేరీలు కాకుండా ఇంకెక్కడ పని దొరుకుతుంది” అని అడిగారు. దానికి జవాబు రాస్తూ, చికాగోలో ఒక బేస్‌బాల్ స్టేడియంలో 41 సీజన్లు ఆర్గాన్ వాయించిన నాన్సీ ఫౌస్ట్ పేరు చెప్పి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. విజయవాడ, గుంటూరు నుంచి వచ్చినవాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేజీ మొత్తం వీటికే సరిపోయింది, మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. ఏడో ఏట నుంచి కీబోర్డు వాయిస్తోంది, ఏ పాటైనా రెండుసార్లు వింటే చాలు, పట్టేస్తుంది. మీరు రాసిన ఆవిడ గురించి చదివినప్పటి నుంచి “అమ్మా, ఇలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా” అని ఒకటే అడుగుతోంది. వాళ్ళ నాన్నేమో ఆటల దగ్గర పెట్టె వాయిస్తే జీతం ఎవరిస్తారు అంటున్నారు. నిజంగా అది ఉద్యోగమేనా? అక్కడ కూర్చుని ఏం చేస్తారు? (ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: ఉద్యోగమేనమ్మా, చాలా కష్టమైన ఉద్యోగం. నాన్సీ ఫౌస్ట్ 1970లో చికాగో వైట్ సాక్స్ జట్టు దగ్గర చేరారు, 2010 సీజన్ అయ్యాక విరమించారు. అన్నేళ్ళలో వాయించాల్సి ఉండీ ఆవిడ రాలేకపోయిన మ్యాచ్‌లు ఐదే ఐదు, అవీ 1983లో కొడుకు పుట్టినప్పుడు. మీ అమ్మాయిలాగే ఆవిడ కూడా చెవితో విని వాయించే మనిషి.

ముందు ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే అక్కడ ఆర్గాన్‌కి పనేమిటో అర్థం కాదు. బేస్‌బాల్‌లో 9 ఇన్నింగ్స్ ఉంటాయి. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒకసారి బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు అవుటయితే అవతలి జట్టు వంతు. అంటే మ్యాచ్ మొత్తంలో మారడాలే 17 దాకా ఉంటాయి, ఒక్కోసారి రెండు నిమిషాలు పైగా పడుతుంది. అది కాక బంతికీ బంతికీ మధ్య కొన్ని సెకన్లు, బ్యాటర్ మారితే ఇంకొంచెం, బంతి వేసే పిచర్‌ని మార్చితే ఇంకా ఎక్కువ. ఆ ఖాళీలన్నీ ఆర్గానిస్టువే. జనం కూర్చుని కూర్చుని బోరు కొట్టే సమయంలో ఏదో ఒకటి వాయించి వాళ్ళని నిద్రపోనివ్వకూడదు, అదే సమయంలో ఆటకి అడ్డం రాకూడదు. పిచర్ బంతి వేయడానికి సిద్ధమయ్యేసరికి చప్పుడు ఆగిపోవాలి. మ్యాచ్‌లో బంతులు దాదాపు 300 పడతాయి, కాబట్టి అన్నిసార్లు ఆపడానికి సిద్ధంగా ఉండాలి. మొదలుపెట్టడం ఎవరికైనా వస్తుందమ్మా, పాట మంచి పట్టులో ఉండగా ఠక్కున చెయ్యి తీసేయడమే రాదు, నా దగ్గరికొచ్చే పిల్లలకి నేర్పలేక నేను అవస్థ పడేది కూడా దాంతోనే.

బ్యాటర్ నడిచి వస్తుంటే అతని పేరుకో, సొంత ఊరికో సరిపోయే పాట ముక్క నాలుగైదు సెకన్లు వాయించడం అక్కడ ఒక అలవాటు, దాన్ని బాగా పెంచినవాళ్ళలో నాన్సీ ముందుంటారు. అంటే ఆటగాళ్ళ గురించి ముందే చదువుకుని రావాలి, వేల పాటలు చేతిలో ఉండాలి, గుర్తుకు రావడానికి టైమ్ ఉండదు. 1977లో ఒకసారి అవతలి జట్టు పిచర్‌ని మధ్యలో తీసేసి పంపుతుంటే, ఎనిమిదేళ్ళ నాటి ఒక పాటలోంచి వీడ్కోలు చెప్పే పల్లవి అందుకున్నారు. జనం గొంతు కలిపారు. ఆ తర్వాత వైట్ సాక్స్ మైదానంలో అదొక ఆనవాయితీ అయి, అక్కడి నుంచి అమెరికాలో మిగతా ఆటలకి కూడా పాకింది. స్టేడియం మొత్తం ఒకే పాట పాడే ఇంకో సందర్భం ఏడో ఇన్నింగ్స్ మధ్యలో వస్తుంది, అందరూ లేచి నిలబడి 1908 నాటి “టేక్ మి అవుట్ టు ది బాల్ గేమ్” పాడతారు. 1976లో వైట్ సాక్స్ కామెంటేటర్ హ్యారీ కేరీ ఆ పాటని తనకి తాను పాడుకుంటుంటే, జట్టు యజమాని బిల్ వెక్ ఆయనకి తెలియకుండా మైకు ఆన్ చేయించారు. అక్కడి నుంచి ఆయన రోజూ జనంతో కలిసి పాడేవారు, కింద శ్రుతి నాన్సీది.

ఇక వాళ్ళ నాన్నగారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. సీజన్‌లో ఒక జట్టుకి 162 మ్యాచ్‌లు, వాటిలో సొంత మైదానంలో 81. ఏడాదిలో సుమారు ఆరు నెలల పని అన్నమాట. అమెరికాలో పెద్ద లీగ్‌లో ఉన్నవి 30 జట్లు, వాటన్నిట్లోనూ ఆర్గానిస్టు లేరు. రికార్డు పాటలు, పెద్ద స్పీకర్లు వచ్చాక చాలా జట్లు ఆర్గాన్ మానేశాయి. కాబట్టి ఈ పని చేసినవాళ్ళలో చాలామందికి పక్కన ఇంకో పని ఉంది. న్యూయార్క్ మెట్స్ జట్టుకి 1964 నుంచి 1979 దాకా వాయించిన జేన్ జార్విస్ మంచి జాజ్ పియానిస్టు, ఆఫీసులకీ దుకాణాలకీ నేపథ్య సంగీతం తయారుచేసే మ్యూజాక్ కంపెనీలో పెద్ద హోదాలో కూడా పనిచేశారు. న్యూయార్క్‌లోనే యాంకీస్ అనే ఇంకో జట్టు దగ్గర వాయించిన ఎడ్డీ లేటన్ అంతకుముందు టీవీ సీరియళ్ళకి ఆర్గాన్ వాయించేవారు. బోస్టన్ జట్టు మైదానం ఫెన్‌వే పార్కులో 2003 నుంచి వాయిస్తున్న జాష్ కాంటర్ హార్వర్డ్‌లో లైబ్రరీ ఉద్యోగం కూడా చేశారు. నాన్సీ చదువుకున్నది సైకాలజీ. అమ్మాయిని బీటెక్ పూర్తి చేయనివ్వండి, కీబోర్డు కూడా మానిపించకండి. రెండూ కలిసి నడుస్తాయనడానికి వీళ్ళే సాక్ష్యం.

ప్రశ్న: మాస్టారూ, నేను ఆదివారం ఆరాధనకి చర్చిలో కీబోర్డు వాయిస్తాను. స్టేడియంలో ఉండేది చర్చి ఆర్గాన్ లాంటిదేనా, మన హార్మోనియం లాంటిదా? అంతమంది గోలలో ఎలా వినిపిస్తుంది? (ఒక యువకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: తమ్ముడూ, ఎక్కువ పేరున్నది హామండ్ ఆర్గాన్. చికాగోలో లారెన్స్ హామండ్ అనే ఆయన కరెంటు గడియారాలు చేసేవారు, 1935లో ఈ వాద్యం బయటికి తెచ్చారు. లోపల తొంభై దాకా చిన్న లోహపు చక్రాలు ఒక మోటారు మీద ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి, ఒక్కోదాని పక్కన తీగ చుట్టిన అయస్కాంతం ఉంటుంది, ఆ చక్రం అంచు దాని ముందు నుంచి పోతుంటే పుట్టే కరెంటే స్వరం. గాలి లేదు, తిత్తి లేదు. మెట్టు నొక్కిన క్షణంలోనే శబ్దం వస్తుంది, వదిలిన క్షణంలోనే ఆగుతుంది. పైన రాశానే, ఠక్కున ఆపాలని, దానికి ఇంతకంటే అనువైన పెట్టె ఆ రోజుల్లో లేదు. కరెంటు రూపంలోనే శబ్దం ఉంటుంది కాబట్టి నేరుగా స్టేడియం స్పీకర్లకి ఇచ్చేస్తారు, గోల ఎంతున్నా వినిపిస్తుంది. పైపు ఆర్గాన్ కొనే స్తోమత లేని చర్చిలు ముందు దీన్ని కొన్నాయి, కాబట్టి మీ చర్చికీ స్టేడియానికీ చుట్టరికం ఉందనే చెప్పాలి.

మీరు క్రిస్మస్‌కి వాయించే హల్లెలూయా కోరస్ ఉంది కదా. 1975 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్స్) ఆరో మ్యాచ్, బోస్టన్‌లో. తొమ్మిది ఇన్నింగ్స్‌తో తేలక పన్నెండో ఇన్నింగ్స్ దాకా వెళ్ళింది, అర్ధరాత్రి దాటింది, బోస్టన్ బ్యాటర్ కార్ల్‌టన్ ఫిస్క్ కొట్టిన బంతి మైదానం అంచున హద్దుగా నిలబెట్టిన స్తంభానికి తగిలి బోస్టన్ గెలిచింది. ఆర్గాన్ దగ్గరున్న జాన్ కైలీ వెంటనే హల్లెలూయా కోరస్ అందుకున్నారు. ఆయన 1953 నుంచి 1989 దాకా అక్కడే వాయించారు. ఆ గెలుపుకి సరిపోయే ఇంకో సంగీతం నాకైతే తోచదు.

హార్మోనియం మాట ఎత్తారు కాబట్టి ఇంకొక్క విషయం. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది, మన గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, దాని మెట్ల మీద కుదరవని. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న, అంటే మన బెజవాడ రేడియో పుట్టేటప్పటికే పెట్టెకి ఆ గుమ్మంలో ప్రవేశం లేదు. అమెరికాలో సరిగ్గా ఆ నిషేధం వచ్చిన మరుసటి ఏడాది, 1941 ఏప్రిల్ 26న, చికాగో రిగ్లీ ఫీల్డ్‌లో రే నెల్సన్ అనే ఆయన పెద్ద లీగ్ మైదానంలో మొదటిసారి ఆర్గాన్ వాయించారు. ఒకచోట పెట్టెని బయటికి పంపిన కాలంలోనే ఇంకోచోట పిలిచి కూర్చోబెట్టారు. గమకాల మాట నిజమే, కాదనను. కానీ మన ఊళ్ళలో పెట్టె చేసిన పని గమకం పలికించడం ఒక్కటే కాదు, దాని సంగతి కింద నాలుగో జవాబులో రాస్తాను.

ప్రశ్న: అంపైర్ తప్పు నిర్ణయం ఇస్తే ఆర్గానిస్టు వెక్కిరిస్తూ వాయించొచ్చా? (క్రికెట్ అభిమాని, వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: వాయించినవాళ్ళున్నారు, దానికి శిక్ష కూడా పడింది. ఇంగ్లీషు నర్సరీ పిల్లలు పాడే “త్రీ బ్లైండ్ మైస్”, మూడు గుడ్డి ఎలుకల పాట, అంపైర్లు నడిచి వస్తుంటే వాయించడం 1940లలో బ్రూక్లిన్‌లో గ్లాడిస్ గుడింగ్ మొదలుపెట్టారని చెబుతారు. 1985లో ఫ్లోరిడాలో ఒక చిన్న లీగ్ మ్యాచ్‌లో విల్బర్ స్నాప్ అనే ఆర్గానిస్టు అంపైర్ నిర్ణయం నచ్చక అదే పాట వాయిస్తే, అంపైర్ ఆయన వైపు వేలు చూపించి ఆటలోంచి బయటికి పంపేశాడు. ఆటగాడిని పంపినట్టే. తర్వాత ఆయన ఆటోగ్రాఫ్‌ల కింద ఆ పాట పేరు కూడా రాసేవారట. నా మట్టుకు నాకు అంపైర్ చేసిందే సబబనిపిస్తుంది. అంతమంది జనం ముందు మైకు, స్పీకర్లు చేతిలో ఉన్న మనిషి ఒక్కడిని ఎగతాళి చేయకూడదు.

ప్రశ్న: మాస్టారుగారికి, మా నాన్నగారు ముప్పై ఐదేళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం నుంచి పల్లెటూళ్ళ తిరనాళ్ళ దాకా వెళ్ళని చోటు లేదు. ఇప్పుడు 78 ఏళ్ళు, చేతులు వణుకుతున్నాయి. పోస్టర్ల మీద నటుల పేర్లు ఇంతింత ఉండేవి, ఈయన పేరు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. మీరు రాసిన ఆ అమెరికా ఆవిడ సంగతి చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళకైనా గుర్తింపు ఉందా? (ఒక కొడుకు, నల్లపాడు, గుంటూరు)

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నేను ఈ పని నేర్చుకున్నది కూడా పద్యనాటకం స్టేజీ పక్కనే. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక ఊరి తిరనాళ్ళలో మా గురువుగారికి జ్వరం వచ్చి, దుప్పటి కప్పుకుని పక్కన కూర్చుని, నన్ను పెట్టె ముందు కూర్చోబెట్టారు. అర్ధరాత్రి దాటింది, నటుడు పద్యం చివర ఆలాపన ఎత్తుకున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు, నాకు ఆ ఊపులో చెయ్యి ఆగలేదు. ఆయన ఎక్కడికి వెళ్ళబోతున్నాడో నాకు తెలుసనుకుని ఆయనకంటే ముందే ఆ స్వరానికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన గొంతు అక్కడే తెగిపోయింది. రావాల్సిన వన్స్‌మోర్ రాలేదు. నాటకమయ్యాక నటుడు నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున బస్సు కోసం నిలబడి ఉంటే గురువుగారే అన్నారు, “వాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో నువ్వు చూడలేదురా, మెట్ల వైపే చూస్తూ కూర్చున్నావు” అని. ఆ తర్వాత ఎన్ని వందల నాటకాలకి వాయించినా నా కళ్ళు నటుడి భుజాల మీదే ఉండేవి. మీ నాన్నగారు ఇది చదివితే నవ్వుతారు, ఆయనకి ఇది చెప్పనక్కర్లేదు.

స్టేడియం ఆర్గానిస్టు చేసేది కూడా ఇదే. కళ్ళు మైదానం మీద, చేతులు పెట్టె మీద. గుర్తింపు అంటారా, కొందరికి దక్కింది. గ్లాడిస్ గుడింగ్ 1942లో బ్రూక్లిన్ డాడ్జర్స్ మైదానం ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో చేరారు. మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాస్కెట్‌బాల్ జట్టు నిక్స్‌కీ, ఐస్ హాకీ జట్టు రేంజర్స్‌కీ కూడా వాయించేవారు. న్యూయార్క్ వాళ్ళు ఒకరినొకరు ఒక పొడుపుకథ అడిగేవారు: డాడ్జర్స్‌కి, నిక్స్‌కి, రేంజర్స్‌కి ముగ్గురికీ ఆడిన ఒకే ఒక్క మనిషి ఎవరు? ఇంగ్లీషులో ఆడటానికీ వాయించడానికీ ఒకటే మాట కాబట్టి, జవాబు గ్లాడిస్.

ఆవిడ గురించి నన్ను బాగా కదిలించింది 1957 సెప్టెంబర్ 24 రాత్రి. డాడ్జర్స్ బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోబోతున్నారు, ఆ మైదానంలో అదే చివరి మ్యాచ్. 7,000 మంది కూడా రాలేదు. జట్టు వెళ్ళిపోతుందని అందరికీ అర్థమైపోయింది. గ్లాడిస్ ఇన్నింగ్స్ మారినప్పుడల్లా ఒక విరహగీతమో వీడ్కోలు పాటో వాయిస్తూ పోయారు. ఆ ఊరి జనం నోటితో చెప్పలేనిది ఆవిడ పెట్టె మీద చెప్పారు. ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, ఆ మైదానాన్ని 1960లో కూలగొట్టారు.

జేన్ జార్విస్‌ది ఇంకో రాత్రి. 1977 జులై 13న న్యూయార్క్ నగరమంతా కరెంటు పోయింది, మెట్స్ మ్యాచ్ మధ్యలో స్టేడియం చీకటైపోయింది. అంత వేసవి ఉక్కలో ఆవిడ క్రిస్మస్ పాటలు వాయించారు, చీకట్లో కూర్చున్న జనం కలిసి పాడారు. నాటకం మధ్యలో కరెంటు పోతే, పెట్రోమాక్స్ లైటు వచ్చేదాకా జనాన్ని కదలకుండా కూర్చోబెట్టింది మన దగ్గర ఎవరో మీ నాన్నగారిని అడగండి. రేడియో వద్దన్న ఆ పెట్టే. నటుడు వేషం మార్చుకునేదాకా, తెర ఇరుక్కుపోతే సరిచేసేదాకా, రావాల్సిన పాత్రధారి బస్సు దిగి వచ్చేదాకా కూడా అదే.

ఒక పని చేయండి. చేతులు వణుకుతున్నాయి గానీ జ్ఞాపకం ఉంది కదా. ఏ నటుడికి ఏ శ్రుతి పెట్టేవారు, ఎవరు ఏ పద్యం దగ్గర శ్రుతి తగ్గించమని అడిగేవారు, లెగ్ హార్మోనియం ఎక్కడ కొన్నారు, రీడ్లు పాడైతే ఎవరు బాగుచేసేవారు, రోజూ ఒక పావుగంట ఆయన నోటితోనే ఫోన్‌లో రికార్డు చేయండి. నటుల గురించి పుస్తకాలున్నాయి. వాళ్ళకి శ్రుతి పట్టినవాళ్ళ దగ్గర ఉన్న సంగతులు వాళ్ళతోనే పోతున్నాయి, ఈ విషయంలో నాకు నిజంగా చాలా బాధగా ఉంటుంది. రికార్డు చేశాక నాకు రాయండి, వినడానికి నల్లపాడు నేనే వస్తాను.

ప్రశ్న: అంకుల్, నేను తొమ్మిదో తరగతి. మన క్రికెట్‌కి కూడా ఇలా వాయించొచ్చా? ఎలా ప్రాక్టీస్ చేయాలి? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: వాయించొచ్చు నాన్నా. మన స్టేడియాల్లో ఇప్పుడు వినిపించేది ఎక్కువగా రికార్డు పాటలే, కూర్చుని వాయించే మనిషి అరుదు. బేస్‌బాల్‌లో కూడా ఖాళీలు తగ్గాయి. 2023 నుంచి పిచర్‌కి గడియారం పెట్టారు, బేస్‌ల మీద (పరుగు తీసేవాళ్ళు ఆగే చోట్లలో) ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి. మ్యాచ్ సగటున మూడు గంటల పైనుంచి 2 గంటల 40 నిమిషాలకి వచ్చేసింది. అంటే ఆర్గానిస్టు కూడా ఇదివరకటి కంటే చిన్న ముక్కలతో సరిపెట్టుకోవాలి.

నువ్వు టీవీలో మ్యాచ్ పెట్టి సౌండు తీసేయ్. కీబోర్డు ముందు కూర్చో, తల మాత్రం టీవీ వైపే ఉండాలి. బంతి అయిపోగానే మొదలుపెట్టు, బౌలర్ రన్నప్‌కి తిరిగేసరికి చెయ్యి తీసేయ్, పాట ఎక్కడున్నా సరే. మొదట ఒక్క ఓవర్ చెయ్యి, చాలు. ఆరు బంతుల్లో ఎన్నిసార్లు ఆలస్యంగా ఆపావో కాగితం మీద గీతలు పెట్టుకో. ఒక్క గీత కూడా లేకుండా ఐదు ఓవర్లు వచ్చాక బ్యాటర్ల పేర్లకి పాటలు వెతుక్కోవచ్చు, అంతకుముందు వద్దు. వికెట్ పడ్డాక కొత్తవాడు నడిచి వచ్చే సమయమే నీకు దొరికే పెద్ద ఖాళీ. దానికి రెండు పాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకో, అవుటైంది మనవాడైతే ఒకటి, అవతలివాడైతే ఇంకొకటి.